వంటింటి బల్ల దగ్గర పీహెచ్‌డీ



మీలో కొందరి చేతిలో ఇప్పుడు కాఫీ గ్లాసు ఉండే ఉంటుంది. తాగుతూనే వినండి. ఈ వేళ నేను చెప్పబోయే కబురు కూడా ఒక కాఫీ దగ్గరే మొదలవుతుంది. ఒకావిడకు అందకుండా పోయిన కాఫీ అది.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రం. ఆస్టిన్ నగరం. 1960ల తొలి సంవత్సరాలు. అక్కడి విశ్వవిద్యాలయంలో వివియెన్ మలోన్ మేయ్స్ అనే నల్లజాతి యువతి గణితంలో పీహెచ్‌డీకి చేరింది. మొదటి క్లాసులో కూర్చుని చుట్టూ చూసింది. నల్లజాతి మనిషి తనొక్కతే. ఆడమనిషీ తనొక్కతే. క్లాసు అయ్యాక గైడూ, తోటి విద్యార్థులూ దగ్గర్లో ఉన్న కాఫీ హోటలుకి వెళ్లేవారు. అక్కడ కూర్చుని లెక్కల గురించి మాట్లాడుకునేవారు. ఆమె వెళ్లడానికి లేదు. ఆ హోటల్లో నల్లవాళ్లకు కాఫీ ఇవ్వరు.

ఒక్క కాఫీయే కదా, పోతే పోయింది అనుకోకండి. పీహెచ్‌డీ చేసినవాళ్లను అడగండి, చెబుతారు. ఆ చదువులో సగం క్లాసులో జరగదు. కాఫీ దగ్గర జరుగుతుంది. ఏ ప్రశ్న పట్టుకుంటే ముందుకు పోతుందో, ఏది పట్టుకుంటే అయిదేళ్లు వృథా అవుతుందో, గైడుగారు ఏ పూట మంచి మూడ్‌లో ఉంటారో, ఏ పత్రికకు పంపితే అచ్చవుతుందో, ఎక్కడ ఉద్యోగం ఖాళీ పడబోతోందో, ఇవేవీ పుస్తకాల్లో ఉండవు. కాఫీ తాగుతూ ఒకరి నోటి నుంచి ఒకరి చెవిలో పడతాయి. ఆ బల్ల దగ్గర కుర్చీ లేని మనిషికి ఆ చదువులో సగం అందదు.

వివియెన్ ఆ హోటలు ముందు నిరసనలో నిలబడింది. చదువూ మానలేదు. 1966లో డాక్టరేట్ అందుకుంది. అయిదేళ్ల ముందు, 1961లో, నల్లజాతి మనిషివని చెప్పి బేలర్ విశ్వవిద్యాలయం ఆమెను చదువుకు చేర్చుకోలేదు. పీహెచ్‌డీ అయిన ఏడాదే అదే బేలర్‌లో ప్రొఫెసరుగా చేరింది. అక్కడ మొట్టమొదటి నల్లజాతి అధ్యాపకురాలు ఆవిడే.

ఈ వేళ నేను మాట్లాడేది అలాంటి ఆడవాళ్ల గురించి. ఒక బల్ల దగ్గర చోటు దొరకనప్పుడు సొంతంగా ఇంకో బల్ల వేసుకున్నవాళ్ల గురించి.

అమెరికాలో వాళ్లకొక పేరుంది. విమెన్ ఆఫ్ కలర్ అంటారు. నల్లజాతి వాళ్లు, మెక్సికో మూలాలున్నవాళ్లు, అక్కడి ఆదివాసులు, మనలాంటి ఆసియా వాళ్లు, తెల్లవారు కాని ఆడవాళ్లందరూ ఆ మాటలోకి వస్తారు. ఇది ఒంటి రంగు చూసి ఎవరో పెట్టిన పేరు కాదు. 1977లో హ్యూస్టన్ నగరంలో జాతీయ మహిళా సదస్సు జరిగింది. నల్లజాతి స్త్రీలు తమ కోరికలు రాసుకుని తెచ్చారు. మిగతావాళ్లు వచ్చి, మేమూ మీతో కలుస్తాం అన్నారు. అందరూ కలిశాక అందరికీ సరిపోయే మాట ఒకటి కావాల్సి వచ్చింది. అలా నిలిచిన మాట ఇది. అంటే ఇది పుట్టుకతో వచ్చిన పేరు కాదు. కలిసి పనిచేద్దామని తీసుకున్న పేరు.

సరే, మళ్లీ మన వివియెన్ దగ్గరికి వద్దాం. కాఫీ అందని ఆ అమ్మాయి పీహెచ్‌డీ దాకా ఎలా వచ్చింది? నాతో పాటు కొంచెం వెనక్కి నడవండి.

ఆమె అంతకు ముందు నాష్‌విల్‌లో ఫిస్క్ విశ్వవిద్యాలయంలో చదివింది. అక్కడ ఆమెకు లెక్కలు చెప్పిన టీచరు పేరు ఎవెలిన్ బాయిడ్ గ్రాన్‌విల్. ఈ ఎవెలిన్ 1949లో యేల్‌లో గణితంలో డాక్టరేట్ తీసుకుంది. అప్పటికి ఆ దేశంలో గణితంలో డాక్టరేట్ ఉన్న నల్లజాతి ఆడవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తనకే కుర్చీ దొరకడం కష్టమైన రోజులవి. ఆమె ఫిస్క్‌లో ఉన్నది రెండేళ్లే. ఆ రెండేళ్లలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లలో ఇద్దరమ్మాయిలు తరువాత గణితంలో డాక్టరేట్లు అయ్యారు. ఒకరు వివియెన్. రెండో ఆవిడ ఎట్టా ఫాల్కనర్. ఆ రెండో పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మరి ఎవెలిన్‌ని తీర్చిదిద్దింది ఎవరు? ఇంకో అడుగు వెనక్కి వేయండి. వాషింగ్టన్ నగరంలో డన్‌బార్ హైస్కూలు. నల్లజాతి పిల్లల బడి. ఎవెలిన్ చదివింది అందులోనే. పెద్ద కాలేజీలకు దరఖాస్తు చేయమని వెన్ను తట్టింది ఆ బడి టీచర్లు. తల్లీ, పిన్నీ కలిసి డబ్బు పోగేశారు. ఫై డెల్టా కాపా అనే నల్లజాతి ఉపాధ్యాయినుల సంఘం కొంత స్కాలర్‌షిప్ ఇచ్చింది. జీతం రాళ్ల మీద బతికే పంతులమ్మలు తలా కొంత వేసుకుంటే ఒక ఆడపిల్ల లెక్కలు చదవడానికి వెళ్లింది.

ఆ డన్‌బార్ బడికి పాత పేరు ఎమ్ స్ట్రీట్ హైస్కూలు. ఇప్పుడు ఆ బడి గురించే కొంచెం ఆగి చెప్పుకోవాలి.

1921వ సంవత్సరం, జూన్ నెల. అమెరికా చరిత్రలో మొదటిసారి నల్లజాతి స్త్రీలు పీహెచ్‌డీలు అందుకున్నారు. ఒకరు కాదు, ముగ్గురు. ఒకే నెలలో, మూడు వేర్వేరు ఊళ్లలో. షికాగోలో జర్మన్ భాషలో జార్జియానా సింప్సన్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రంలో సేడీ మోసెల్, పెళ్లయ్యాక సేడీ అలెగ్జాండర్. రాడ్‌క్లిఫ్‌లో ఇంగ్లీషు సాహిత్యంలో ఈవా డైక్స్. మూడు ఊళ్లు, మూడు సబ్జెక్టులు. కానీ ముగ్గురికీ ఆ ఒక్క బడితో బంధం ఉంది. సేడీ, ఈవా అందులో చదువుకున్నారు. జార్జియానా, ఈవా అందులో పాఠాలు చెప్పారు.

వాళ్లలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది జార్జియానా. 1907లో ఆమె షికాగో విశ్వవిద్యాలయంలో చేరి, ఆడపిల్లల హాస్టల్లో దిగింది. నల్లజాతి మనిషితో కలిసి ఉండలేమని కొందరు తెల్లజాతి అమ్మాయిలు గొడవ చేశారు. హాస్టల్ చూసుకునే ఆవిడ, ఆమె ఇక్కడే ఉంటుంది అని గట్టిగా చెప్పింది. విశ్వవిద్యాలయం అధ్యక్షుడు ఆ మాట కొట్టేసి, జార్జియానాను ఖాళీ చేయమన్నాడు. ఆమె పెట్టె సర్దుకుని బయట గది చూసుకుంది. ఏడాదంతా వాషింగ్టన్‌లో పాఠాలు చెప్పుకుంటూ, వేసవి సెలవుల్లో షికాగో వెళ్లి చదువుకుంటూ, కొన్ని పాఠాలు పోస్టులో తెప్పించుకుంటూ నెట్టుకొచ్చింది. డిగ్రీ అయ్యేసరికి 1911. డాక్టరేట్ అయ్యేసరికి 1921. అప్పటికి ఆమె వయసు యాభై దాటింది.

ఈవా కథ ఇంకో రకం. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో మొదటి శ్రేణిలో డిగ్రీ తెచ్చుకుంటే, నల్లజాతి విశ్వవిద్యాలయం డిగ్రీ మాకు చెల్లదని రాడ్‌క్లిఫ్ వాళ్లు అన్నారు. ఆమె మళ్లీ బీఏ చదివింది. ఒకసారి పాసైన బీఏని రెండోసారి పాసై, ఆ తరువాత ఎంఏ, ఆ తరువాత పీహెచ్‌డీ.

సేడీకి డాక్టరేట్ వచ్చింది కానీ తన ఊళ్లో ఉద్యోగం రాలేదు. ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన మనిషి నార్త్ కరొలైనా వెళ్లి, నల్లజాతివాళ్లు నడిపే ఒక బీమా కంపెనీలో పనిచేసింది. తరువాత మళ్లీ విద్యార్థినిగా చేరి లా చదివింది. అయితే డెల్టా సిగ్మా థీటా అనే నల్లజాతి విద్యార్థినుల సంఘానికి మొదటి జాతీయ అధ్యక్షురాలు ఈ సేడీయే. పీహెచ్‌డీ చేస్తున్న సంవత్సరాల్లోనే ఆ పని కూడా చేసింది. తన థీసిస్ రాసుకుంటూ, ఇంకొకరి కోసం కుర్చీ లాగి పెడుతూ ఉంది.

ఇక ఆ ఎమ్ స్ట్రీట్ బడికి ఒకప్పుడు ప్రిన్సిపాలుగా ఉన్న ఆవిడ ఆనా జూలియా కూపర్. 1858లో బానిసగా పుట్టింది. ప్రిన్సిపాలుగిరీ పోయినా, కొన్నేళ్లకు టీచరుగా మళ్లీ అక్కడికే వచ్చింది. యాభై దాటాక కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ మొదలుపెట్టింది. అంతలో బంధువులింట్లో తల్లి పోయిన పిల్లలు అయిదుగురిని తెచ్చుకుని పెంచింది. అక్కడి చదువు ఆగింది, ఆవిడ ఆగలేదు. చివరికి పారిస్‌లో సోర్బాన్ నుంచి 1925లో డాక్టరేట్ అందుకుంది. అప్పటికి ఆమెకు 66 ఏళ్లు. ఆ పట్టాను వాషింగ్టన్‌లో ఒక సభ చేసి ఆమె చేతికి అందించారు. ఆ సభ పూనుకుని జరిపింది నల్లజాతి చదువుకున్న ఆడవాళ్ల సంఘమే. పేరు ఆల్ఫా కాపా ఆల్ఫా. ఆ పట్టా పారిస్‌లో ఏ ఆఫీసు కిటికీలోంచో చేతికి రాలేదు. తన ఊళ్లో, తనవాళ్ల మధ్య అందింది.

ఇప్పుడు వెనక్కి నడిచిన దారిలోనే ముందుకు రండి. ఆనా కూపర్ నడిపిన బడి. ఆ బడిలో చదివిన ఎవెలిన్. ఎవెలిన్ దగ్గర చదివిన ఎట్టా ఫాల్కనర్. పేరు గుర్తుంది కదా? ఈ ఎట్టా 1969లో డాక్టరేట్ తీసుకుని, అట్లాంటాలో స్పెల్మన్ అనే నల్లజాతి మహిళల కాలేజీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది. అదే కాలేజీలో ఆమె సహోద్యోగి సిల్వియా బోజ్‌మన్. 1998లో సిల్వియా, బ్రిన్ మార్ కాలేజీలో పనిచేసే రోండా హ్యూస్ కలిసి ఎడ్జ్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. గణితంలో పీహెచ్‌డీకి వెళ్లబోయే అమ్మాయిలను వేసవిలో కొన్ని వారాలు ఒకచోట చేరుస్తారు. లెక్కలు చేయిస్తారు. ముందు బ్యాచీల్లో చేరి ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లను పక్కన కూర్చోబెడతారు. అంటే కాఫీ బల్ల దగ్గర దొరికే మాటలన్నీ ఆ అమ్మాయికి విశ్వవిద్యాలయంలో కాలు పెట్టకముందే అందుతాయి. ఆస్టిన్‌లో వివియెన్‌కు దక్కనిది ఏమిటో తెలిసినవాళ్లు చేసిన పని ఇది.

2000 సంవత్సరంలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు నల్లజాతి అమ్మాయిలు ఒకేసారి గణితంలో డాక్టరేట్లు అందుకున్నారు. టాషా ఇనిస్, షెరీ స్కాట్, కింబర్లీ వీమ్స్. ఆ విశ్వవిద్యాలయంలో గణితంలో పీహెచ్‌డీ పొందిన మొదటి నల్లజాతి స్త్రీలు వాళ్లే. 1921లోనూ ముగ్గురే, 2000లోనూ ముగ్గురే. అప్పుడు ముగ్గురు మూడు ఊళ్లలో ఒంటరిగా. ఇప్పుడు ముగ్గురు ఒకే చోట, ఒకరికొకరు కళ్ల ముందు.

ఈ చరిత్ర అంతా నాకు మొదట పుస్తకంలో కనిపించలేదు. ఒక వంటింటి బల్ల దగ్గర చెవిన పడింది. అది కూడా చెబుతాను.

మాది ఖమ్మం పక్కన ఒక ఊరు. నేను పత్తి పండే నల్లరేగడి నేలల మీద పనిచేద్దామని 1998లో అమెరికా వెళ్లాను. మంచు బాగా పడే ఊరు. మా డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న భారతీయ ఆడపిల్లను నేనొక్కదాన్నే. మొదటి ఏడాది ఒకాయన ల్యాబ్‌లో నన్ను చూసి, చెత్తబుట్ట ఖాళీ చేయడానికి వచ్చాననుకున్నాడు. బుట్ట చూపించాడు. నేను ఖాళీ చేశాను కూడా. ఏం చెప్పాలో తోచలేదు. గదికి వచ్చి గంటసేపు కూర్చున్నాను. ఇంటికి ఫోన్ చేసి మాత్రం బాగున్నానమ్మా అన్నాను.

లైబ్రరీలో రోజూ ఒకే బల్ల దగ్గర కనబడే నల్లజాతి ఆవిడ ఒకరు ఉండేవారు. చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నారు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. తొమ్మిదేళ్ల కొడుకుతో ఒంటరిగా ఉండేవారు. ఒక సాయంత్రం నా ముఖం చూసి, ఆదివారం మా ఇంటికి రా, రాసినవి పట్టుకుని రా, అన్నారు. అంతే. ఏమయింది, ఎందుకలా ఉన్నావు, అని అడగలేదు.

వాళ్లింట్లో వంటగదిలో ఒక బల్ల. ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క మడిచి పెట్టారు. అక్కడ అప్పటికే మెక్సికో మూలాలున్న ఒక అమ్మాయి, ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒకరు కూర్చుని ఉన్నారు. ఒకరిది విద్యాశాస్త్రం, ఒకరిది నర్సింగ్. నాతో నలుగురం. అప్పటి నుంచి నాలుగేళ్లు, ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా, పండగైనా మంచు తుఫానైనా అక్కడే.

అక్కడ కొన్ని పద్ధతులుండేవి. ముందు అన్నం, తరువాత కాగితాలు. ఆకలితో ఉన్న మనిషి రాసింది ఎవరూ చదవకూడదు అనేవారు అక్క. మనసులో ఆవిడను అక్క అనే పిలుచుకునేదాన్ని. ఎర్ర పెన్ను వాడకూడదు, పెన్సిల్ మాత్రమే. ఎందుకంటే పెన్సిల్‌తో రాసింది చెరిపేయొచ్చు, నచ్చకపోతే. వారం పొడుగునా ఏమీ రాయకపోయినా రావాలి. రాయకపోతే ఖచ్చితంగా రావాలి.

నలుగురివీ నాలుగు సబ్జెక్టులు. అదే మాకు మంచిదైంది. ఒకరికొకరు పోటీ కాదు. పైగా నేను మట్టి గురించి రాసింది చరిత్ర చదివే మనిషికి అర్థం కాకపోతే, తప్పు ఆవిడది కాదు, నా రాతది. ఈ వాక్యంలో నువ్వు దాక్కుంటున్నావు, బయటికి రా, అని పెన్సిల్‌తో గీత పెట్టేవారు. నా గైడు చాలా మంచివారు, పెద్ద పండితులు. కానీ ఆ మాట ఆయన నాకు ఎప్పుడూ చెప్పలేదు.

రెండో ఏడాది క్వాలిఫయింగ్ పరీక్ష తప్పాను. వరసగా రెండు ఆదివారాలు వెళ్లలేదు. మూడో ఆదివారం ఆవిడే మా గదికి వచ్చారు. బూట్ల మీద మంచు అలాగే ఉంది. కొడుకు వెనకాల. ఓదార్చలేదు. బాధపడకు అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ప్రశ్నపత్రం ఏదీ, అన్నారు. మట్టిలో ఉప్పు గురించి ఆవిడకు ఒక్క ముక్క తెలియదు. ఒక్కో ప్రశ్న పైకి చదివారు. నువ్వేం రాశావు, ఏం రాసి ఉండాల్సింది, నాకు చెప్పు, అన్నారు. చెబుతూ చెబుతూ రాత్రి పదకొండయింది. పిల్లవాడు నా దుప్పటి కప్పుకుని నిద్రపోయాడు. ఆ వసంతంలో రెండోసారి రాసి పాసయ్యాను.

వెళ్లేటప్పుడు, బూట్లు తొడుక్కుంటూ, ఆవిడ నాకు జార్జియానా సింప్సన్ కథ చెప్పారు. హాస్టల్ ఖాళీ చేయించిన కథ. నీకంటే ముందు ఒకావిడ పెట్టె సర్దుకుంది, కానీ వెళ్లిపోలేదు, అన్నారు. అలా ఒక్కో ఆదివారం ఒక్కో పేరు.

ఆ వంటింటి బల్లకీ ఒక చరిత్ర ఉందని తరువాత తెలిసింది. 1980లో కవయిత్రి ఆడ్రీ లార్డ్ సలహా మీద రచయిత్రి బార్బరా స్మిత్ ఒక ప్రచురణ సంస్థ పెట్టారు. దానికి పెట్టిన పేరు కిచెన్ టేబుల్. వంటింటి బల్ల. ఇంటికి నడిబొడ్డు అదే కదా, ఆడవాళ్లు పనిచేసుకుంటూ మాట్లాడుకునే చోటు అదే కదా అని. మనకు బాగా తెలిసిన విషయమే. మన అమ్మమ్మలు కూరలు తరుగుతూ తీర్చిన తగాదాలు ఎన్ని, నడిపిన చిట్టీలు ఎన్ని!

ఆసియా ఆడపిల్లలకు కూడా అక్కడ ఒకప్పుడు ఒక బల్ల వేసినవాళ్లున్నారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో బార్బర్ స్కాలర్‌షిప్ అని ఆసియా దేశాల ఆడవాళ్ల కోసమే ఒక నిధి పెట్టారు. ఆ స్కాలర్‌షిప్ మీదే, మద్రాసులో పాఠాలు చెప్పుకుంటున్న జానకీ అమ్మాళ్ ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఆన్ ఆర్బర్‌కు వెళ్లింది. 1931లో వృక్షశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకుంది.  చెరకు మీద ఆవిడ చేసిన పరిశోధన మన దేశానికి ఎంతో పనికొచ్చింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఒక ఆదివారం అక్క నన్నొక ప్రశ్న అడిగారు. ఇక్కడ నువ్వెవరో నాకు తెలుసు, మీ ఊళ్లో నువ్వెవరివి, అని. నాకు నోట మాట రాలేదు. మా ఊళ్లో మాది భూమి ఉన్న కుటుంబం. మా బావి దగ్గర వాడలోని ఆడవాళ్లు దూరంగా నిలబడి, మేం పోస్తే పట్టుకునేవారు. చిన్నప్పుడు నేనూ పోశాను. చెత్తబుట్ట ఖాళీ చేయమంటే గంటసేపు కూర్చుని బాధపడ్డ నేను, ఆ బిందెల గురించి ఒక్కరోజూ బాధపడలేదు. ఆ సాయంత్రం అది పైకి చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ఎవరూ పోనీలే అని కూడా అనలేదు. రాసుకో, అన్నారు అక్క.

అందుకే, అక్కడ మేమందరం ఒకటే అని నేను తేలిగ్గా అనను. ఒకటి కాదు. నా వీసా కష్టం ఆవిడకు లేదు. ఆవిడ కొడుకు వీధిలో నడుస్తుంటే ఆవిడకు పట్టుకునే భయం నాకు తెలియదు. ఒకరి కష్టం ఒకరిది కాకపోయినా ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు. ఆ మాట నిలబడాలంటే మాత్రం, అక్కడ మనం ఎవరమో మాత్రమే కాదు, ఇక్కడ మనం ఎవరమో కూడా చెప్పుకోవాలి.

మన విశ్వవిద్యాలయాల్లోనూ ఈ బల్ల అవసరం అంతే ఉంది. ఇంట్లో మొదటిసారి, వాడలో మొదటిసారి, గూడెంలో మొదటిసారి పీహెచ్‌డీకి వచ్చిన ఆడపిల్ల హాస్టల్ గదిలో ఒక్కతే కూర్చుని ఉంటుంది. ఫెలోషిప్ డబ్బులు నెలలు ఆలస్యమైతే ఎవరిని అడగాలో తెలియదు. గైడు కోప్పడితే అది తన తప్పో కాదో తెలియదు. సెమినార్‌లో తను మాట్లాడిన ఇంగ్లీషుకి వెనక వరసలో నవ్వారో లేదో తెలియదు. ఇవన్నీ చెప్పగలిగేది ముందు నడిచిన ఇంకో అమ్మాయే.

ఇంకో మాట. ఈ బల్లలు గొప్పవి అని నేను చెబుతున్నాను కదా అని, విశ్వవిద్యాలయాలు చేతులు దులుపుకుంటే ఒప్పుకోను. అక్క తన థీసిస్ పూర్తి చేయడానికి మాకంటే రెండేళ్లు ఎక్కువ పట్టింది. ఎందుకు పట్టింది? మా ముగ్గురి కాగితాలూ చదివింది. కొత్తగా వచ్చిన ప్రతి నల్లజాతి విద్యార్థినికీ గది వెతికిపెట్టింది. డిపార్ట్‌మెంట్ వేసిన ప్రతి కమిటీలోనూ, నల్లజాతి మనిషి ఒకరు ఉండాలని ఆవిడనే కూర్చోబెట్టారు. దానికి జీతం లేదు. పట్టాలో ఆ పని ఎక్కడా కనబడదు. ఆ పని విశ్వవిద్యాలయం చేయాల్సింది. చేయనందువల్ల ఒక మనిషి తన ఆయుష్షులోంచి రెండేళ్లు తీసి పెట్టింది. ఈ పని చేసేవాళ్లకు జీతమివ్వాలి, గుర్తింపివ్వాలి, గది ఇవ్వాలి. అభినందన సభలు సరిపోవు.

షికాగోలో ఇప్పుడు జార్జియానా సింప్సన్ విగ్రహం ఉంది. విశ్వవిద్యాలయం తనంత తానుగా పెట్టలేదు. ఇద్దరు విద్యార్థినులు పట్టుబట్టి, డబ్బు పోగుచేసి, 2017లో పెట్టించారు. ఎక్కడ పెట్టారో తెలుసా? హాస్టల్ ఖాళీ చేయమన్న ఆ అధ్యక్షుడి ప్రతిమ ఉన్న భవనంలోనే, సరిగ్గా దానికి ఎదురుగా. అది చూడాలని నాకు చాలా కోరిక.

చివరగా మళ్లీ అక్క వాళ్లింటికే వస్తాను. నా థీసిస్ డిఫెన్స్‌కి ముందు ఆదివారం, ఆ వంటగదిలో ముగ్గురూ కమిటీ సభ్యుల్లా వరసగా కూర్చున్నారు. నేను ఫ్రిజ్ ముందు నిలబడి చెప్పాను. ప్రశ్నల మీద ప్రశ్నలు. అన్నీ అయ్యాక, మూలన హోంవర్క్ చేసుకుంటున్న అక్క కొడుకు తలెత్తి అడిగాడు. నీకు ఈ మట్టి సంగతి చెప్పిన రైతుల పేర్లు ఇందులో రాశావా, అని. రాయలేదు. ఆ రాత్రి కూర్చుని కృతజ్ఞతల పేజీ మళ్లీ రాశాను. ముందు మా జిల్లా రైతుల పేర్లు. తరువాత ఆ ముగ్గురి పేర్లు. ఆ తరువాత ఆ పిల్లవాడి పేరు.

వింటున్నవాళ్లలో తల్లులున్నారు, తండ్రులున్నారు, అత్తమామలున్నారు. మీ అమ్మాయో, మీ కోడలో హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, అమెరికాలోనో పీహెచ్‌డీ చేస్తూ ఉండొచ్చు. మీరు ప్రేమతోనే అడుగుతారు, ఇంకెన్నాళ్లమ్మా, ఎప్పుడవుతుంది, అని. మా అమ్మా అడిగేది. దానికి ఏ ఆడపిల్ల దగ్గరా జవాబు ఉండదు. ఫోన్ పెట్టేశాక ఆ రోజు ఇంక ఒక్క వాక్యం కూడా రాయలేకపోతుంది.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆ ప్రశ్న వదిలేయండి. ఎవరితో కూర్చుని రాసుకుంటున్నావమ్మా, అని అడగండి. ఎవరూ లేరు అంటే, ఎవరినైనా అన్నానికి పిలవమని చెప్పండి. ఖర్చుకి కొంచెం డబ్బు కూడా పంపండి.